తలుపు మూసి చెప్పిన మాట

ఊరి నీటి సంస్థలో ఆడిట్ కమిటీకి పెద్ద ఆయన. ఆయన దగ్గరే పని నేర్చుకుని, అదే సంస్థకు ఆడిటరైన అమ్మాయి పెద్దాయన ఇంటి వరండాలో నిలబడి ఉంది.

“కూర్చోమంటున్నానా, ముందు కూర్చో.”

“కూర్చోను సార్. నీళ్ళు పరీక్షించే ల్యాబ్ అక్కని బదిలీ చేశారు. పొద్దున ఆర్డరు చేతిలో పెట్టి, సాయంత్రానికల్లా వెళ్ళిపొమ్మన్నారట.”

“బదిలీలన్నాక జరుగుతూనే ఉంటాయమ్మా.”

“ఆవిడ కూతురి పరీక్షల మధ్యలోనా?”

“నాకేం తెలుసు? బదిలీలు ఎండీగారి పని.”

“కమిటీ రిపోర్టు మీ పనే కదా. రేపు బోర్డు ముందుకి వెళ్ళేది చూశాను. నీటి పరీక్షలు సంతృప్తికరం అని ఉంది. పోయిన నెల నేను రాసిచ్చిందేమైంది?”

“ఉంది, ఉంది. కాస్త మెత్తగా రాశాం.”

“ఎక్కడుంది సార్? శుద్ధి కేంద్రం గేటు పక్క కుళాయిలో నీళ్ళు పట్టి, ఆ సీసాల మీదే వీధి వీధి పేరూ అంటిస్తున్నారని రాశాను. చివరి వీధుల్లో ఒక్క సీసా పట్టిన పాపాన పోలేదని రాశాను. అక్కడ ఇంటింటా పిల్లలు వాంతులతో మంచం పట్టారు. ఇందులో మెత్తగా రాయడానికేముంది?”

“అరవకు. లోపల మీ పిన్నిగారుంది.”

“అరవట్లేదు.”

“ఊరంతా గగ్గోలెత్తిపోతుంది. అది ఆలోచించావా?”

“ఊరు గగ్గోలెత్తుతుందని ఆడిటర్ కలం ఆపకూడదని నేర్పింది మీరే.”

“నేర్పాను. కాదన్నానా?”

“ఆఫీసర్లందర్నీ బయటికి పంపి, తలుపేసి, కమిటీ ముగ్గురూ ఆడిటర్ మాట వినే పద్ధతి పెట్టిందీ మీరే. ఇక్కడి మాట గడప దాటదన్నారు.”

“దాటింది, ఏం చేస్తాం? కమిటీలో మిగతా ఇద్దరిలో ఎవరో నోరు జారుంటారు. ఆ ఇంజనీరుగారి నోట్లో నువ్వుగింజ నానదు.”

“ఆ గదిలో నేను అక్క పేరెత్తలేదు సార్.”

“ఎత్తలేదా?”

“ల్యాబ్‌లో ఒకరు చెప్పారన్నాను, అంతే. తర్వాత మెట్ల దగ్గర మీరు ఆపి అడిగారు. ఆ మనిషెవరో చెబితే అండగా నిలబడతానన్నారు. గుర్తుందా?”

“గుర్తుంది.”

“తను అసలు నోరు విప్పనంది. నేనే ఒప్పించాను. మా సార్ ఉన్నారు, భయం లేదన్నాను. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తట్లేదు.”

“ఎండీ నిలదీశాడమ్మా. ఏదో మాటల్లో... కావాలని చెప్పలేదు.”

“మాటల్లో.”

“వచ్చే నెలతో నా పదవి అయిపోతుంది. మళ్ళీ వేస్తారో, లేదో...”

“అదా సంగతి.”

“అది కాదు. అది కాదు, విను. నువ్వు రాసింది నేను నిజంగా నమ్మలేదు. గేటు దగ్గర బాగున్న నీళ్ళు వీధిలోకెళ్ళేసరికి ఏమైపోతాయిలే అనుకున్నా. నమ్ముంటే సంతకం పెట్టేవాణ్ణా?”

“నమ్మలేదంటారు.”

“ఒట్టు.”

“అయితే మించిపోయింది లేదు. మిమ్మల్ని తండ్రిలా చూశాను, కడుపు మండి వచ్చాను, అయినా అడుగుతున్నా. రేపు బోర్డులో నేను రాసింది రాసినట్టు పెట్టండి. అక్కని వెనక్కి పిలిపించండి.”

“చూద్దాం. ముందు కూర్చో, నోరెండిపోయింది నీకు. ఏమేవ్, అమ్మాయికి మంచినీళ్ళు.”

“తెస్తున్నా. ఏమండీ, నీళ్ళ క్యాన్ అయిపోవచ్చింది, ఇంకోటి వేయించండి. ఏం చెయ్యను అమ్మాయ్, ఏడాదై మీ సార్ ఇంట్లో ఎవర్నీ కుళాయి నీళ్ళు నోట పెట్టనివ్వట్లేదు.”