కాలర్ చివర మూడు కుట్లు

మధ్యాహ్నం, టైలర్ షాపు. మిషన్ మీద కోడలు. కుడిచెయ్యి పడిపోయిన మామగారు పక్కనే కుర్చీలో.

"ఈ చొక్కా ఆల్టరేషన్‌కి వచ్చిందా అమ్మా? లేబుల్ ఊడిపోయింది గానీ నేను కుట్టిందే. కాలర్ చివర మూడు కుట్లు వెనక్కి! ఇలా ఇంకెవడు కుడతాడు? నా చేతితోపాటే పోయింది ఆ పనితనం."

"అది నిన్న నేను కుట్టింది మామయ్యా."

"నువ్వా? ఒట్టు?"

"ఒట్టు. ఏడాదిగా తిట్టి తిట్టి నేర్పిందెవరు?"

"నాకు మా గురువు కొట్టి కొట్టి నేర్పాడు."

"ఆయనకో?"

"ఎవరో ఉండే ఉంటారు. ఆస్పత్రిలో నువ్వు నాకు బుద్ధుడి పుస్తకం చదివి వినిపించావు చూడు, 'నాది' అని పట్టుకున్నచోటే దుఃఖమని..."

"మీరు దాన్ని నా మీదికి విసిరేశారు."

"ఎడంచేత్తో కాబట్టి బతికిపోయావు. ఏడాదంతా ఏడ్చానమ్మా, నా కుట్టు పోయిందని. అదేమో నీ చేతిలో హాయిగా ఉంది. అసలు నా ఒక్కడిదైతే కదా పోవడానికి! చల్లగా ఉండు తల్లీ."

"మీ పేరున్న లేబుళ్లు ఇంకా డబ్బా నిండా ఉన్నాయి. దీనికొకటి వెయ్యనా?"

"వద్దులే. మెడ దగ్గర గుచ్చుకుంటోందని అందరూ చెప్తూనే ఉన్నారు. నేనే వినలేదు."