పెట్టెల గొంగడి

"తాతా, ఆఫీసు పని మీద చైనాకు తీస్కపోయే పెట్టె ఇది. ఇందుల ఈ గొంగడి ఎవరు పెట్టిన్రు?"

మీ పెద్దవ్వ పెట్టింది బిడ్డా. తియ్యకు. జర కూసో, చెప్త.

నీ ఆఫీసు అద్దాల మేడ ఉన్నది సూడు, ఆ జాగల అప్పుడు అన్ని గుట్టలు, తుమ్మచెట్లు. మా అన్న కొమురయ్య ఆడనే గొర్లు కాసేటోడు. ఆ గొర్ల ఉన్నిదే ఈ గొంగడి. అప్పుడు గొర్రె పదో పదిహేనో రూపాయలకు వస్తుండె... ఏం చెప్తున్న? ఆఁ. పెండ్లయి ఏడాది కాలే, మిలట్రీల చేరిండు. చైనాతోని లడాయి అయితె మంచుగుట్టల మీదికి ఉత్త నూలుబట్టలతోనే తోలిన్రు. "గొంగడన్న కట్టియ్యకపోతిమి" అని మా వదిన, అదే మీ పెద్దవ్వ, అప్పటిసంది ఒకటే మాట.

తర్వాత మిలట్రీ నుంచి తార్ వచ్చింది, అదే టెలిగ్రాం. సచ్చిండని కాదు, కనబడుతలేడని. పీనుగ లేంది దినాలెట్ల జేస్తరు? మా అమ్మ కొడవలి పట్టుకొని గడపల కూసున్నది. కొడవలి కాదు, రోకలి. నా కొడుకు లేడని ఎవడంటడో అనమన్నది. గట్ల వదిన గాజులు తియ్యలే, బొట్టు తియ్యలే. బతుకమ్మ కాడ పసుపు పళ్లెం ఆమె దాక వచ్చి పక్కకు జరుగుతుండె. ఆమె చెయ్యి చాపే ఉంటుండె. నేను సూసిన.

బాలానగర్ల లేతు మిషన్ కాడ నడుం ఇరగ్గొట్టుకొని ఇల్లు నడిపిన. గా ముచ్చట పోనీ.

మొన్న టీవీల జూస్తి. రెండు దేశాల పెద్దలు చేతులు కలుపుకున్నరట, ఇమానాలు మల్ల నడుస్తయట. మంచిదే, లడాయి ఎవనికి గావాలె? నాకు మండేది వేరే. సరుకుల ముచ్చట మాట్లాడిన్రు, ఇమానాల ముచ్చట మాట్లాడిన్రు. మా పోరగాండ్లను ఏ మంచుల పూడ్సిన్రని ఒక్కడన్న అడిగిండా? అడిగితె వాళ్ల చాయ్ సల్లారుతదా?

వదిన గూడ సూసింది. "తొవ్వ తెరిసిన్రట గద ఐలయ్యా, ఇగ వస్తడా?" అనడిగింది. నేను బాత్రూంలకు పోయి నల్లా ఇప్పి కూసున్న. బయటికి వచ్చేసరికి గొంగడి మడతపెట్టి నీ పెట్టెల సదురుతున్నది. "మనుమరాలు పోతున్నది గద, ఆయనకిస్తది" అన్నది.

బరువైతె నీ బట్టలు తీసెయ్. ఆడ చలికి వణికేటోడు ఎవడు కనబడ్డా సరే, ఇయ్యి. వాపసు మాత్రం తేకు. అది వాపసొస్తె అన్న లేడన్నట్టే, ఆమె గాజులు తీపిచ్చేది నేనే. నాతోని కాదు బిడ్డా.

సల్లగ పో, సల్లగ తిరిగి రా. నువ్వన్న రా... ఆ జిప్పు సక్కగ పెట్టు, గొంగడి అంచు ఇరుక్కున్నది.