నాలుగ్గంటల మాత్ర

ఆ పెన్ను కాస్త ఆపండి డాక్టరమ్మా! మందు పెంచీకండి. ఒక్క నిమిషం నా మాట ఇని, అప్పుడు రాసుకోండి.

ఏటి? ఆయన్ని లోపలికి పిలవాలా? అమ్మమ్మో, వద్దమ్మా! బయట బెంచీ మీద కూకున్నారు, కూకోనివ్వండి. ఆయన ఎదురుగా ఉంటే నా నోట మాట రాదు. ఆ తలుపు కాస్త దగ్గరగా ఎయ్యండి... ఆఁ, చాలు.

ఫోటోలు చూసినారు కదా. నెల రోజులు, రోజూ సాయంత్రం ఆరింటికి మీరు తియ్యమన్నట్టే నా ఫోన్లో తీసినాను. అన్నిట్లోనూ ఎడం కంటి రెప్ప సగానికి జారిపోయే ఉన్నాది. మాత్రలు చాలట్లేదు, డోసు పెంచాలి, అప్పటికీ నిలబడకపోతే ఇంకా పెద్ద మందులు మొదలెట్టాలి అంటన్నారు. మీరన్నది రైటే. ఫోటోలూ రైటే. తేడా అంతా నా దగ్గరున్నాది.

చెప్తాను, చెప్తాను. మొదట్నుంచీ చెప్తేనే గానీ మీకు నా మీద జాలి రాదు.

మా గణపతిరావుగారు ఉక్కు ప్లాంటులో ముప్పైనాలుగేళ్లు క్రేను నడిపినారు. పైన క్యాబిన్లో ఈయన, కింద చెయ్యూపే సిగ్నల్ మనిషి. ఆ మోతలో మాటలు ఎవడికి వినపడతాయి? అరచెయ్యి చూపిస్తే ఆపు, వేలు తిప్పితే ఎత్తు. అదే అలవాటు ఇంటికీ తెచ్చీసినారు. కూర కావాలంటే వేలు తిప్పడం, చాలంటే అరచెయ్యి. పెళ్లయి ముప్పైఎనిమిదేళ్లయింది. ‘వరలక్ష్మీ, ఈ చీర నీకు బాగున్నాది’ అని ఒక్క మాట... అబ్బే! రిటైరై నాలుగేళ్లయినా ఆ మనిషి క్యాబిన్ దిగనే లేదు.

అలాటి మనిషి, పోయిన చలికాలం, సాయంత్రం నాను టీ ఇస్తంటే, ఎడం రెప్ప మెల్లిగా దించి, కనుబొమ్మ పైకెత్తి నాకేసి చూసినారు.

ఓలమ్మో! ఈ వయసులో ఇదేటి అనుకున్నాను. అనుకున్నాను గానీ, మర్నాడు తల నున్నగా దువ్వుకుని మరీ టీ ఇచ్చినాను. మళ్లీ అదే! మూడోనాడు బొబ్బట్లు చేసినాను. ఏటి నవ్వుతారు? మీకింకా పెళ్లి కాలేదు కాబోలు.

వారం రోజులు మా క్యాంప్ 2 కాలనీ అంతా మహారాణిలాగ తిరిగినాను. ఆ తరవాత ఓ సాయంత్రం ఇద్దరం సుపేలా బజారుకి ఎళ్లినాం. అక్కడ కొత్తిమీర అమ్మే బేబీ లేదూ, దానికేసి చూసి రెప్ప దించి, కనుబొమ్మ ఎగరేసినారు. అది పకపకా నవ్వి, ‘లే లో భయ్యా’, తీసుకో అన్నా, అని ఇంకో కట్ట సంచీలో పడేసింది. నా ఒళ్లు మండిపోనాది. తిరిగొచ్చే ఆటోలో నాను పలికితే ఒట్టు. ఆయనకి అది తెలిస్తే కదా! మాటల్లేని ఆటో అంటే ఆయనకి మహా హాయి.

అక్కడితో అయిపోతే బాగుండును. మా సాయంత్రం పారాయణకి హైమవతిగారని, పెద్దాఫీసరుగారి భార్య, ఒస్తారు. ఆవిడ ఎదురుగా కూకుని భక్తిగా చదువుకుంటంటే, ఈయన రెప్ప జారింది. ఆవిడ పుస్తకం మూసీసి లేచిపోయినారు. గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, ‘మీవారికి కాస్త చెప్పుకోండి’ అన్నారు. మరి ఆ రోజునుంచీ ఈయన్ని ఎవరూ పారాయణకి పిలవలేదు. తల కొట్టేసినట్టయింది నాకు.

ఇంటికొచ్చి నాలుగూ దులిపీసినాను. రెండు చేతులూ తిప్పి, నాకేటీ తెలీదు అన్నారు. మూడు రోజులు ఉప్పు లేని కూర పెట్టినాను. నాలుగోనాడు, అప్పుడు తెరిచినారమ్మా నోరు.

‘సాయంత్రమైతే నాకు నువ్వు ఇద్దరివిగా కనపడతన్నావు’ అన్నారు.

‘ఒక్కదాన్నే పట్టించుకోరు, ఇద్దర్ని ఏటి చేసుకుంటారు’ అనీసినాను. అనీసి, పొయ్యి దగ్గర నిలబడిపోయినాను. నిజంగా భయమేసింది.

డాక్టర్లకి చూపించకేటి? మీకు ముందు మూడుసార్లు చూపించినాం. కానీ మన అలవాటు తెలుసు కదా! ఆస్పత్రికి ఎళ్లాలంటే పెందలాడే పడుకుని, తెల్లారకుండా తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, మొదటి నంబరు పట్టీడం. ఎనిమిదింటికి ఆయన కళ్లు రెండూ కొత్త బల్బుల్లాగ ఎలుగుతన్నాయి. ‘ఏటీ లేదు, బాగున్నారు’ అన్నారు డాక్టర్లు. వాళ్లననడానికేటి ఉన్నాది? మూడోసారి కూడా అలాగే అనేసరికి నాకు ఖాయమైపోనాది, ఈయన కావాలనే కన్ను కొడతన్నారని!

మీరు కాబట్టి సాయంత్రం రమ్మన్నారు. పైకప్పుకేసి నిమిషం సేపు చూడమన్నారు. చూస్తండగానే రెప్ప జారిపోనాది. దాని మీద రెండు నిమిషాలు ఐసు ముక్క పెట్టించినారు, మళ్లీ లేచింది. ఐసుకి లేచే కన్ను నానెక్కడా చూడలేదమ్మా. తరవాత భుజానికి తీగలు పెట్టి టకటకా కరెంటు కొట్టించినారు. కంప్యూటర్లో మొదటి గీత పొడుగు, రెండోది పొట్టి, నాలుగోది ఇంకా పొట్టి.

మీరు చెప్పింది నాకు అక్షరం పోకుండా గుర్తున్నాది. నరం చివర కంటికి కనపడనన్ని చిన్న సంచులుంటాయి. వాటినిండా ఒక రసం ఉంటాది. పైనుంచి ఆర్డరు ఒచ్చినప్పుడల్లా కొన్ని సంచులు పగిలి, రసం కండ మీద పడితే కండ లాగుతాది. ముందు వరసలో తయారుగా ఉండే సంచులు కొన్నే. ఆర్డర్లు ఒకదానెనక ఒకటి ఒస్తంటే, పగిలేవి తగ్గిపోతంటాయి. వెనక నింపి తేవడానికి టైము కావాలి. నాను ‘రేషన్ షాపులాగా?’ అన్నాను. ‘అచ్చం అంతే ఆంటీ’ అన్నారు.

అది అందరికీ ఉన్నదేనట. మనకి కండ మీద ఆ రసం పుచ్చుకునే కిటికీలు ఎక్కువ కాబట్టి నాలుగు సంచులు తగ్గినా తెలీదు. ఈయన ఒంట్లో రోగాల్ని ఆపే కాపలావాళ్లే పొరపడి, ఆ కిటికీలు సగం మూసీసినారు. అందుకే పొద్దున్న షాపు తెరిచినప్పుడు బాగుంటాది, వాడగా వాడగా సాయంత్రానికి రెప్ప పడిపోతాది. కాస్త పడుకుని లేస్తే మళ్లీ సరుకు నిండుతాది. మీ మాత్ర ఏటి చేస్తాదంటే, పడిన రసాన్ని ఊడ్చీసే చీపురుని పట్టుకుని ఆపుతాది.

ఇంటికెళ్లి వంటగదిలో కూకుని ఏడ్చినాను. పాపం, ఆయనకి జబ్బు. నాను ఉప్పు లేని కూర పెట్టినాను. అంతకంటే సిగ్గు, దానికి ముందు బొబ్బట్లు చేసినాను!

మాత్రలు మొదలెట్టినాక రెప్ప నిలబడింది. హైమవతిగారు లడ్డూల పెట్టె పట్టుకొచ్చి క్షమించమన్నారు. పారాయణకి మళ్లీ పిలిచినారు. బేబీ రెండో కట్ట ఇవ్వడం మానీసింది. లోకమంతా సుఖంగా ఉన్నాది. నా టీ గ్లాసు మటుకు... రెండు కళ్లూ ఇంతింత చేసుకుని టీవీలో వార్తలు చూస్తా చెయ్యి చాపుతారు. అంతే.

నెల కిందట చుట్టాలొచ్చి నాలుగ్గంటల మాత్ర మర్చిపోయినాను. ఆరింటికి టీ ఇస్తంటే రెప్ప జారింది. జబ్బని తెలుసు. సంచులు తగ్గినాయని తెలుసు. కిటికీలు, చీపురు, అన్నీ తెలుసు. అయినా నా తల దానంతటదే ఒంగిపోనాది డాక్టరమ్మా. మర్నాడు మర్చిపోలేదు. మర్చిపోయినట్టు ఉన్నాను.

అవును. నెల రోజులూ! టీ ఇచ్చి, ఫోటో తీసి, ఆరుంపావుకి మాత్ర ఇచ్చినాను. మింగడం, ఊపిరి బాగున్నాయా అని రోజూ చూసుకున్నాను గానీ... తిట్టండి. చేసింది తప్పే. అక్కర్లేని పెద్ద మందులు ఆయన మింగాల్సొచ్చేది.

ఇకమీద చెయ్యను. ఒట్టు. ఎందుకేటి? ఇవాళ మీ దగ్గరికి రావాలన్న భయానికి నిన్న నాలుగు కొట్టగానే మాత్ర ఇచ్చీసినాను. ఆరింటికి టీ పెట్టినాను. రెప్ప ఠీవిగా నిలబడున్నాది. నాను ఫోటో కూడా తియ్యకుండా గ్లాసు అక్కడ పెట్టీసి వెనక్కి తిరిగినాను. ‘వరలక్ష్మీ’ అన్నారు.

చూస్తే, అరచెయ్యి చూపించి ఆగమంటన్నారు. ఆగినాను. మెల్లిగా రెప్ప దించినారు.

కుడి కన్ను డాక్టరమ్మా. జబ్బు లేని కన్ను! నెల రోజుల్నుంచీ ఈ మనిషికి అంతా తెలుసన్నమాట!

ఇప్పుడు రాసుకోండి. ఎడం కంటికి పాత డోసే, నాలుగింటికే. కుడి కంటికి ఏటీ రాయకండమ్మా. దాన్ని అలాగ ఒగ్గీండి.