తొట్టి నీళ్ళూ, మిషన్ నీళ్ళూ

అమ్మాన్‌లో శుక్రవారం మధ్యాహ్నం. డాబా మీది ట్యాంకు ఖాళీ. వీధికి మళ్ళీ నీళ్ళు వదిలేది సోమవారమే. వంటింట్లో అత్తాకోడళ్ళు, సింకు నిండా పెరుగులో వండిన మాంసం, మన్సఫ్ తిన్న పళ్ళేలు.

"...అందుకే చెబుతున్నా రుదైనా, రేపు కొట్టువాడొచ్చి ఆ గిన్నెలు కడిగే మిషన్ పట్టుకుపోతాడు. మావాడు ముహన్నద్‌తో ఫోన్ చేయించేశాను."

"నన్నొక్క మాట అడగలేదే అత్తయ్యా!"

"అడిగితే వద్దంటావుగా."

"మిషన్ ఏమంత నీళ్ళు తాగదు. ఆమధ్య దాని మురికినీళ్ళ గొట్టం బకెట్లో పెట్టి చూపించానుగా. ఇంటిల్లిపాది గిన్నెలకీ బకెట్టున్నర."

"నా తొట్టికి బకెట్టు కూడా పట్టదు. సగంతో తోముడు, సగంతో తొలుపుడు. ఆ మురికినీళ్ళే మళ్ళీ మెట్లకి. నీ మిషనమ్మ మెట్లు కడుగుతుందా?"

"కడగదు."

"ఊట దగ్గర కడవ పట్టుకుని వరసలో నిలబడి పెరిగినదాన్ని. నాకా నీళ్ళ పొదుపు నేర్పేది?"

"నేర్పట్లేదు. నాకు ఓపిక లేదు, అంతే. బడిలో పొద్దంతా నిలబడి పాఠాలు చెప్పొచ్చి..."

"నిన్ను కడగమన్నానా? నువ్వు బడికి పోతే మనవరాలు జూద్‌ని ఆడిస్తూ నేనే కడుగుతున్నానుగా!"

"అవును. మీరే కడుగుతున్నారు."

"ఏంటా సాగదీత?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ట్యాంకెందుకు ఎండింది?"

"ఈ వారం మిషన్ ముట్టుకోనే లేదు అత్తయ్యా. మీరు ఒట్టు పెట్టించుకున్నారు. పోయిన వారం అందులోనే వేశాం, నీళ్ళు మిగిలాయి."

"అంటే నేను ఒలకబోశాననా?"

"అనలేదు."

"మరి నీళ్ళెటు పోయాయి? పైవాటా వాళ్ళు తోడేసుకున్నారా?"

"వదిలేయండి. ట్యాంకరు పిలుద్దాం."

"ముందు చెప్పు."

"అత్తయ్యా, ఇప్పుడు కాదు..."

"చెప్పు రుదైనా."

"రెండుసార్లు కడుగుతున్నాం."

"ఏంటి?"

"గిన్నెలు. మీరొకసారి. మీరు సాయంత్రం అసర్ నమాజుకి వెళ్ళాక నేనొకసారి. కుళాయి కింద, గబగబా."

"నేను కడిగినవా? మళ్ళీనా? ఎందుకు?"

"పెరుగు జిడ్డు అలాగే ఉంటోంది. గ్లాసుల అడుగున టీ ఆకు. మొన్న పక్కింటావిడకి పెట్టిన పళ్ళెంలో ముందురోజు మెతుకులు."

"చేతికి నున్నగానే తగిలాయే!"

"చేతికి తగులుతాయి. కంటికి..."

"ఆఁ, కంటికి?"

"కనబడట్లేదుగా మీకు."

"కాస్త మసక. అంతే."

"కాస్తేనా అత్తయ్యా?"

"... ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"రంజాన్ నుంచి. మీరు నొచ్చుకుంటారని ఎవరికీ చెప్పలేదు, మీ అబ్బాయికి కూడా. అందుకే మిషన్ కొనిపించాను. మీ పేరు ఎత్తకుండా పని జరిగిపోతుందని."

"రంజాన్ నుంచా?"

"తప్పుగా అనుకోకండి. మీరంటే గౌరవం కొద్దీ..."

"పళ్ళేలు మాత్రం మళ్ళీ చూసుకున్నావు."

"అత్తయ్యా?"

"నాకు కళ్ళు ఆనట్లేదని తెలిసే, పాకే పిల్లని రోజూ నా చేతుల్లో పెట్టి బడికి పోయావా, రుదైనా?"