గుంటకి ఆశీలు

నాంచారమ్మని ఒకామె ఉండేదంట, దిబ్బసంతలో ముంజలమ్ముకునేది. సోమారం సోమారం సంత. మొగుడు చీకటితోనే చెట్టెక్కి గెలలు దించేవాడు, ఈమె కూర్చుని కాయలు చెక్కి ముంజలు తీసి, తడి తాటాకు పరిచిన బుట్టలో సర్దుకుని, నెత్తిన పెట్టుకుని నాలుగు మైళ్ళు నడిచేది. ముంజ సంగతి తెలుసుగా మీకు? తినటం తెలుసు, ఇంకేం తెలుసులే. కాయలో ఉన్నంత సేపే దాని సోకు. తీశాక మధ్యాన్నం దాటిందా, పులిసి కంపు కొట్టిద్ది, గేదె కూడా మూతి తిప్పుకుంటది. అంచేత పొద్దెక్కకముందే సంతలో బుట్ట దించాలి. ఏడాది మొత్తం మీద నలభై రోజులు ముంజలు, ఆ నలభై రోజుల్లో అయిదో ఆరో సంతలు, ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ సంతల మీదే అనుకో. ఆమె చోటేమో బావి పక్కన. దాహానికొచ్చినోడు ముంజలు చూసి ఆగకుండా పోతాడా? అత్త కూర్చున్న చోటు అది, అత్త తర్వాత ఈమెకొచ్చింది. అయితే ఆ సంతకో కట్టు ఉంది. వరసగా మూడు సంతలు, సంత విడిచేలోపు బుట్ట దించకపోతే ఆ చోటు ఇంకొకళ్ళకి పోయిద్ది. ఏడ్చినా రాదు, కాళ్ళు పట్టుకున్నా రాదు.

ఏమైందంటే, ఆ దివాణం జమీందారుగారికి ఒక బావమరిది ఉన్నాడంట. భుజంగరావు దొర. అక్కనిచ్చి అక్కడే తిష్ట వేసిన రకం. పనేం లేదు, పని లేనోడికి ఆలోచన ఎక్కువ. ఒకరోజు ఆయనకి బుద్ధి పుట్టిందంట, చెరువులోంచి మట్టిగొట్టాలేసి నీళ్ళు తన నిమ్మతోటలోకి పారిచ్చుకోవాలని. మంచిదే, పారిచ్చుకో, ఎవరొద్దన్నారు? చెరువుకీ తోటకీ మధ్య ఉన్నది సంతబాట. ఉగాది వెళ్ళిన వారానికి మనుషుల్ని పెట్టి బాట తవ్విచ్చాడు. అడ్డంగా తవ్వితే ఒక పూట బాధ. ఈయన పొడుగునా తవ్విచ్చాడయ్యా, అరవై గజాలు! సగం బాట గుంట, మిగతా సగం మట్టికుప్ప, ఆ రెంటికీ మధ్య అడుగు మందాన గట్టు. అటు పక్క చెరువు, ఇటు పక్క దొరగారి తోటకి ముళ్ళకంచె. ఇంక మనిషి పోయేదెట్టా? ఆ గట్టు మీద ఒకళ్ళ వెనక ఒకళ్ళు, పిల్లి నడిచినట్టు నడవాలి. ఇటోళ్ళు దాటేదాకా అటోళ్ళు ఆగాలి, అటోళ్ళు దాటేదాకా ఇటోళ్ళు ఆగాలి. బళ్ళ సంగతి అడగమాక, వాగులో పడి మూడు మైళ్ళు చుట్టుకుని రావటమే. తవ్వినోళ్ళు తవ్వారు, పారలు భుజానేసుకుని పోయారు. మళ్ళీ ఆ ఛాయలకి వస్తే ఒట్టు.

ముంజలు దిగేసరికి గుంట తవ్వి నెల దాటింది. మొదటి సంతకి నాంచారమ్మ బుట్టెత్తుకుని వచ్చింది, గుంట కాడ చూస్తే నాలుగూళ్ళ జనం నిలబడి ఉన్నారంట. నెత్తిన గంపలు, చంకన పిల్లలు, చేతిలో కోళ్ళు. ఎండ మాడు పగిలిపోతంది. ఆమె ముందర కావడిలో కుండలేసుకుని కుమ్మరి వీరభద్రుడు నిలబడ్డాడు. ఏం మావా, దొరగారి గొట్టాలు ఎందాకా వచ్చినయ్యి, అవి దిగితే గదా ఈ గుంట పూడేది, అందంట ఈమె. ఏం గొట్టాలమ్మా, అన్నాడంట ఆయన. అదేంది, గొట్టాలు చేసేది నువ్వే గదా! నాకెవరు చెప్పారు? నాకో మాట లేదు, మట్టి లేదు, నెల నుంచి నేనూ నీలాగే ఇక్కడ నిలబడి చస్తన్నా, అన్నాడంట. ఇన్నారా? గొట్టం ఒక్కటి లేదు, చేయమని చెప్పను కూడా చెప్పలా, అరవై గజాల గుంట మాత్రం తయారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఎందుకు తవ్వాడంటే, ఆ రోజు మనుషులు ఖాళీగా దొరికారంట. అంతే.

ఆ రోజు నాంచారమ్మ గట్టు దాటి సంతకి చేరేసరికి జనం మూటలు కట్టుకుంటన్నారు. ముంజలు ముట్టుకుంటే జారిపోతన్నయ్యి. అయినా బావి పక్కన బుట్ట దించిందో లేదో, చెంచురామయ్య వచ్చి నిలబడ్డాడంట. ఈయనెవరంటే, ఆశీలు పాటదారు. సంతలో నేల మీద ఎవరు కూర్చున్నా, ఏం దించినా, బుట్టచోటుకి రోజుకి ఒక కానీ, అదే కాలణా, చొప్పున ఆశీలు వసూలు చేసుకునే హక్కు దివాణంలో వేలంపాట పాడి కొనుక్కున్నాడు. శవాన్ని దించినా ఆశీలడిగే మనిషి. ఆశీలు తియ్, అన్నాడు. అమ్మింది లేదు అయ్యా, అంది. అమ్మకంతో నాకేం పని, నేల మీద దించావా లేదా? కట్టింది. కట్టాక ఆయనేమన్నాడో తెలుసా? సంత విడిచాక వచ్చావు గాబట్టి ఈ సంతకి నువ్వు రానట్టే లెక్క, ఇంకో రెండుసార్లు ఇట్టా అయితే చోటు పోయిద్ది, అన్నాడంట. చూడండి నాయనా న్యాయం! రానందుకు చోటు పోయిద్ది, వచ్చినందుకు ఆశీలు కట్టాలి.

మర్నాడు నాంచారమ్మ నేరుగా భుజంగరావు దొర కాడికే పోయింది. దొర అరుగు మీద పడక్కుర్చీలో ఊగుతా ఉన్నాడు. దొరా, నాలుగూళ్ళోళ్ళం అల్లాడిపోతన్నాం, ముంజలు పులిసిపోతన్నయ్యి, గొట్టాలు వచ్చినప్పుడు తవ్వుకుందురు గాని ఇప్పటికి పూడ్పియ్యండి, మీ కాళ్ళు మొక్కుతా, అంది. ఆయన చెయ్యి ఊపాడంట. పని జరుగుతా ఉందే, అన్నాడు. ఎక్కడ జరుగుతంది దొరా, నెల నుంచి పార పెట్టినోడు లేడు. మనుషులు దొరకటం లేదు, దొరికితే చేయించనా, నీకు తొందరైతే చుట్టు తిరిగిపో, అన్నాడు. చుట్టు తిరిగితే ఏడు మైళ్ళు దొరా. అయితే తెల్లారగట్ట లేచి బయల్దేరు, మీ జాతికి సోమరితనం ఎక్కువ, అన్నాడంట! కుర్చీలో ఊగేవాడు, చీకట్లో లేచి పని మొదలుపెట్టేదాన్ని పట్టుకుని అన్న మాట అది. నాకైతే చెప్తంటేనే ఒళ్ళు మండిద్ది. నాంచారమ్మకి ఏడుపొచ్చింది, ఆయన ముందు మాత్రం ఏడవలా, గేటు దాటాక ఏడ్చింది.

రెండో సంతా అట్టాగే పోయింది. మళ్ళీ గట్టు మీద వరస, మళ్ళీ పులిసిన ముంజలు, మళ్ళీ ఆలస్యం. అలిసిపోయి సంత మొదట్లోనే, రాళ్ళ కాడ, బాట పక్కన బుట్ట దించి ఊపిరి పీల్చుకుందంట. అంతలో చెంచురామయ్య పరిగెత్తుకుంటా వచ్చాడు. ఆశీలు! ఇది సంత కాదు గదయ్యా, బాట గదా, అంది. ఆయన ఛాతీ విరిచి, నా పాట వాగు కాడ మొదలై దిబ్బ కాడ ఆగిద్ది, మధ్యలో బాట మొత్తం నాదే, ఎక్కడ నేల ఆపినా ఆశీలే, దివాణం ముద్రేసిన కాయితం ఉంది, అన్నాడు.

నాంచారమ్మ బుట్ట ఎత్తబోయింది కాస్తా మళ్ళీ దించి, అయ్యా, నా బుట్ట ఎంత? అంది. ఒక బుట్టచోటు. ఎంతసేపు దించా? ఎంతసేపైనా ఒకటే, కానీ తియ్. ఇస్తా, ఎక్కడికి పోతా. మరి నీ బాటలోనే అరవై గజాల బుట్ట ఒకటి దించి నెలన్నరైంది, దాని ఆశీలు తీసుకున్నావా? అందంట. చెంచురామయ్య తెల్లబోయి, ఎవరది, అన్నాడు. ఆ గుంట! మట్టికుప్పతో కలిపి లెక్కేసుకో, నా బుట్టలు ఎన్ని పడతయ్యో. నేనైతే అమ్ముకునేదాకా కూర్చుని లేచిపోతా. అది పగలు లేవదు, రాత్రి లేవదు. ముంజలమ్మేదాని కానీకి ఇంత పరుగెత్తుకొచ్చావే, దొరగారి కాడికి నడిచి కూడా పోలేకపోయావా? అంది. చెంచురామయ్య వేళ్ళు మడుస్తా నిలబడ్డాడంట. గజానికి నాలుగు బుట్టలు, అరవై గజాలు, రెండొందల నలభై బుట్టచోట్లు, అంటే రోజుకి మూడు రూపాయల పన్నెండణాలు. వేళ్ళు అయిపోయినయ్యి గాని లెక్క అయిపోలా. మనిషికి చెమటలు పట్టినయ్యంట, అయ్యో నెలన్నర పోయిందేనని. జనం నెలన్నర నిలబడ్డందుకు ఏనాడూ పట్టలా ఆ చెమట.

పొద్దు గూకకముందే దివాణంలో ఉన్నాడు కాయితం పట్టుకుని. భుజంగరావు దొర అక్కడే ఉండి పడీపడీ నవ్వాడంట, నేను బావమరిదిని, నాకు ఆశీలా అని. చెంచురామయ్య ఆయన వంక చూడను కూడా చూడలా. జమీందారుగారికి దణ్ణం పెట్టి, ప్రభువులు చిత్తగించాలి, బాటంతా నాదేనని పాట పాడా, సగం బాట మీ బావమరిదిగారు ఆపుకున్నారు, అయితే ఆశీలన్నా కట్టియ్యండి, లేదా నా పాట సొమ్ములో సగం కోసెయ్యండి, అన్నాడు. జమీందారుగారు తాంబూలం నవలటం ఆపాడంట. అంతకుముందు రైతులు వచ్చి మొత్తుకున్నారు, బళ్ళోళ్ళు వచ్చి మొత్తుకున్నారు, నిండుచూలాలు గట్టు మీంచి జారి గుంటలో పడితే ఆమె తండ్రి వచ్చి మొత్తుకున్నాడు. అప్పుడు చూద్దాం లెండన్న మనిషి, పాట సొమ్ము తగ్గిద్దనేసరికి నిటారుగా కూర్చుని, అదేం మాట, బాట అందరిదీ, ఆపుకున్నోడు ఎవడైనా కట్టాల్సిందే, ధర్మం ధర్మమే, అన్నాడంట. ధర్మమంట! పాత బకాయి మాత్రం వదిలెయ్, మనవాడు గదా, రేపొద్దున్నుంచి వసూలు చేసుకో, అన్నాడు. మన బకాయి ఎవరన్నా వదిలారా ఎప్పుడన్నా?

ఇంక చూడు. నెలన్నర నుంచి మనుషులు దొరకటం లేదన్న దొరకి, తెల్లారేసరికి నలభై మంది దొరికారు. ఎక్కడ దాచాడో మరి! దొర తలకి తుండు చుట్టుకుని, పంచె ఎగ్గట్టి, కుప్ప మీదెక్కి అరుస్తన్నాడంట. తొయ్యండిరా, ఏం చూస్తన్నారు, తొయ్యండి! మేస్త్రీ వచ్చి, గొట్టాలు వెయ్యకుండా పూడుస్తన్నాం దొరా అంటే, గొట్టాలు నీ నెత్తినేస్తా, ముందు పూడ్చు, చెంచురామయ్య గజంబద్ద పట్టుకుని కూర్చున్నాడు, కనపడట్లా? అన్నాడు. కూర్చున్నాడు నిజంగానే, చెరువుగట్టు మీద, పూడిన గజాన్ని ఎంత ఏడుపు మొహంతో చూస్తన్నాడో. ఆయనకి గుంట ఉంటేనే గదా లాభం, ఎప్పటికీ ఉండాలని మొక్కుకున్నాడంట కూడా. ఒకడు తవ్వి కూర్చునే రకం, ఇంకొకడు గుంట మీద బతికే రకం. మధ్యాన్నానికల్లా బాట చదునైపోయింది, దిమ్మిసతో కొట్టి మరీ అప్పజెప్పారు.

మూడో సోమారం నాంచారమ్మ పొద్దు పొడిచేసరికి సంతలో ఉంది. బుట్ట మీద తడి ఇంకా ఆరలా. చోటు కాడికి పోతే గాజులామె ఒకామె అప్పటికే గోతాం పరిచి కూర్చుందంట. చెంచురామయ్య గుంట పూడకముందే ఆమె కాడ డబ్బులు పుచ్చుకున్నాడు, ఈమె ఎట్టాగూ రాదులే అని. నాంచారమ్మ ఒక్కటే మాటంది. అమ్మా, నా అత్త చోటు, పొద్దు చూడు, సంత ఇంకా కూడలా, లెగు తల్లీ. కట్టు కట్టే గదా, గాజులామె లేచి, చెంచురామయ్యని తిట్టుకుంటా పోయింది. బుట్ట దించాక నాంచారమ్మ ఆ నేలని చేత్తో తడిమి తడిమి చూసుకుందంట, కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్యంట. చెంచురామయ్య వచ్చాడు, ఆశీలడిగాడు. ఆమె పుణ్యాన గుంట పూడిన ఆ ఒక్క పూటైనా దొర కాడ ఆశీలు కళ్ళజూసినోడు, ఆ రోజన్నా వదలొచ్చుగా? వదల్లా. నాంచారమ్మ కొంగు విప్పి కట్టేసి, తీసుకో అయ్యా, ఇయ్యాళ ఇస్తంటే కడుపు మండటం లేదు, అందంట.

ఎండెక్కాక భుజంగరావు దొరే వచ్చాడు, దాహానికి నాలుక పిడచగట్టి. ముంజలడిగాడు. ఆమె ఆకులో పెట్టి ఇచ్చింది. ఆయన అక్కడే నిలబడి నోట్లో వేసుకోబోతంటే, దొరా, నడుస్తా తినండి, నిలబడితే ఆశీలు పడిద్ది, అందంట. సంతంతా గొల్లుమంది. దొర రెండడుగులు పక్కకేశాడు కూడా, తెలియకుండానే! అంత భయం పట్టుకుంది.

అయిపోయింది, ఇంతే. ఇందులో నీతేంది తాతా అని మాత్రం అడగమాకండి. నీతి చెప్పటానికి పోయినోళ్ళందరూ ఆ గుంట కాడే నిలబడిపోయారు. నిండుచూలాలు పడితే పూడని గుంట, నాలుగూళ్ళు నెలన్నర మొత్తుకుంటే పూడని గుంట, రోజుకి మూడు రూపాయల పన్నెండణాలంటే ఒక పూటలో పూడింది. పెద్దింటోళ్ళ జాలి ఖరీదు అంతేనంట, నేనేం కల్పిచ్చి చెప్పటంలా.