ఎనిమిదో ట్రాక్

అధ్యక్షులు పరాశర్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, పిలవగానే వచ్చిన గోదాదేవమ్మ గారికి, స్టూడియోలో నా తోటివాళ్లకు, భోజనం ఆలస్యమవుతున్నా కదలకుండా కూర్చున్న మిత్రులకు నమస్కారం.

ఈ ఆదిమూలం ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఒక్క పొరపాటు కూడా చేయలేదని పరాశర్ గారు ఇప్పుడే అన్నారు. శాలువా కప్పేశాక అన్నారు కాబట్టి ఇక వెనక్కి తీసుకోలేరు. (నవ్వులు) మాది పుత్తూరు అనగానే తిరుపతిలో అందరూ విరిగిన ఎముకకి కట్టు కట్టడం వచ్చా అని అడుగుతారు. రాదు. తెగిన టేపు అతికించడం వచ్చు, దానితోనే ఇద్దరు పిల్లల్ని చదివించాను.

పోయిన ఏడాది పాత భక్తిగీతాల టేపులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించమన్నారు. టేపులో ఎనిమిది ట్రాకులు, పాట ఒకదానిలో, మృదంగం ఒకదానిలో, అలాగ. మా కంప్యూటర్ ఒక విడతకి రెండే తీసుకుంటుంది కాబట్టి టేపును నాలుగుసార్లు తిప్పాలి, టేపు తిప్పే మిషనేమో నాతోపాటే ఉద్యోగంలో చేరింది, ఏ రెండుసార్లూ ఒకే వేగంతో తిరగదు. మొదట ఇంకో టేపును అలా ఎక్కించి కలిపితే పల్లవిలో అందరూ కలిసే ఉన్నారు, మూడో చరణానికి మృదంగం ముందే ముగించుకుని వెళ్లిపోయింది. "సార్, ఒక ట్రాకులో టైమ్‌కోడ్ వేస్తే కంప్యూటర్ దాన్ని వింటా టేపు వెంటే నడుస్తాది" అని మా కంప్యూటర్ అమ్మాయి హంసిని చెప్పింది. టైమ్‌కోడ్ అంటే క్షణాలు లెక్కపెట్టే గరగర శబ్దం. దానికొక ట్రాకు ఖాళీగా ఉండాలి.

తొంభై రెండులో రికార్డు చేసిన ఒక టేపులో మాత్రం ఖాళీ లేదు. పెట్టెలోని కాగితం చూశాను. ఎనిమిదోది, శ్రుతి. అంతే రాసి ఉంది. పాడినవారి పేరు, మృదంగం వారి పేరు రాస్తాం గానీ తంబూర మీటినవారి పేరు రాయడం మా స్టూడియోలో ఆచారం కాదు. శ్రుతిపెట్టె అయి ఉంటుందిలే, అలాంటివి హంసిని కంప్యూటర్‌లో నలభై ఉన్నాయి అనుకుని, వినకుండానే దాని మీద టైమ్‌కోడ్ వేసేశాను. ఆ కాగితం రాసిందెవరని దస్తూరి చూశాను. నాదే.

పాటలు చక్కగా కలిశాయి. విడుదలైన వారానికి గోదాదేవమ్మ గారు వచ్చి, "ఆదిమూలం, మా ఆయన తంబూర ఇందులో యాడుండాదప్పా, నాకు వినబడలే" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు తంబూర మీటింది రంగరాజు గారు. ఆయన పోయి ఆరేళ్లు. ఆయన చెయ్యి ఇంకే టేపులోనూ లేదు. నేనేమన్నానో ఈ సభకు తెలియాలి. "వెనకాల ఉండాదమ్మా, జాగర్తగా వినాల" అన్నాను. ఆవిడ ఏడాదిగా జాగ్రత్తగా వింటున్నారు.

(గోదాదేవమ్మ గారి వైపు తిరిగి) అమ్మా, అది కంప్యూటర్ శ్రుతి. అయ్యగారిది నేను చెరిపేశాను. చెరిపినందుకు బాధగా ఉంది, మీతో అబద్ధం ఆడినందుకు సిగ్గుగా ఉంది.

ఆ రోజు రంగరాజు గారు పాడేవారి పక్కనే కూర్చున్నారు, అందుకని ఆ మైకులోకి ఆయన తంబూర కాస్త దూరింది. చరణానికీ చరణానికీ మధ్య, గొంతు ఆగినచోట, వినబడుతుంది. అలాంటి చోట్లు శుభ్రం చేసి పారేయడమే మా పని. ఈసారి హంసిని, నేను అవే ఏరి ఒకచోట చేర్చాం. అన్నీ కలిపి నాలుగు నిమిషాలు వచ్చింది. ఈ పెన్‌డ్రైవ్‌లో ఉంది. తీసుకుంటారో లేదో మీ ఇష్టం.

(గోదాదేవమ్మ గారు కూర్చున్నచోటి నుంచే: "దగ్గు ఉండాదా?")

ఉందమ్మా. రెండో చరణం ముందర, రెండుసార్లు.

("అయితే ఆయనే. ఇట్లా తీసుకురాప్పా.")

వస్తున్నానమ్మా. సభలోని అందరికీ నా కృతజ్ఞతలు. ఇంకా ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పాలనుకున్నాను, వారు మన్నించాలి, ఆవిడ చెయ్యి చాపి ఉన్నారు. సెలవు.