చివరి గంటకి వచ్చే రోజక్క

"చిన్నమ్మమ్మా, ఇవాళ స్టూడియోలో నా పాట బీటుకి వెనకబడుతోందన్నారు. కంప్యూటర్లో నా గొంతు ముందుకు జరిపి సరిచేస్తారట. అమ్మమ్మని కూడా ఇలాగే అనేవాళ్లా?"

అనేవాళ్లా ఏంటే! ముందు కూర్చో. మొహం చూడు ఎలా పెట్టుకొచ్చావో. టీ పెట్టనా? సరేలే, తర్వాత. మా అక్కని అననివాళ్లెవరని అడుగు. "తాళం తప్పుతున్నావమ్మా రోజీ" అని, ఈ ఫిల్మ్‌నగర్‌లో ఏ స్టూడియోకెళ్లినా అదే మాట. తప్పిందెప్పుడు? నా ఎరుకలో ఒక్కనాడు తప్పలేదు. తప్పితే నాకు తెలీదూ, వెనకాల కోరస్‌లో నుంచున్నదాన్ని నేనేగా.

నువ్వు పుట్టేసరికే మీ అమ్మమ్మ పాడడం తగ్గించేసింది, నీకేం తెలుస్తుంది. చిన్నప్పుడు కాకినాడలో ఆదివారం పొద్దున్నే గుడికి బయల్దేరేవాళ్లం. మేం చర్చిని గుడనే అనేవాళ్లంలే. నాన్నగారు ముందు, అమ్మ వెనక, అమ్మ కొంగు పట్టుకుని నేను. మా అక్క ఎక్కడో ఆఖర్న. వంతెన మీద ఆగి పడవలు చూడాలి, దారిలో కనపడ్డ కుక్కనల్లా పలకరించాలి. "ఈ పిల్ల టైముకొస్తే ఒట్టు" అని నాన్నగారు గొణుక్కునేవారు. తీరా చివరి గంట మోగేసరికి చూస్తే గుమ్మంలో నుంచుని ఉండేది! ఒగర్పు కూడా ఉండేది కాదు. పాటా అంతే. మాటని బీటు మీద పెట్టదు, వెనక్కి వదిలేస్తుంది, ఇంక అందుకోదులే అని మనం అనుకునేసరికి లైను చివర వచ్చి నుంచుంటుంది.

అది జాజ్ అని మాకేం తెలుసే! మేం హైదరాబాదొచ్చాక, సికింద్రాబాద్‌లో ఓ హోటల్లో మీ తాత శాక్సఫోన్ వాయించేవాడు. ఆయన దగ్గరున్న అమెరికా రికార్డులు వినీ వినీ, "సుగుణా, నాలాగే పాడేవాళ్లు ఇంతమంది ఉన్నారే!" అని ఎగిరి గంతేసింది. ఆ రికార్డులు తిరిగివ్వడానికి వెళ్లడం, మళ్లీ తెచ్చుకోవడం... ఆ రాకపోకల్లోనే పెళ్లి కుదిరిందనుకో. ఆ పెళ్లికి మా మేనత్త అలిగింది చూడు, అబ్బో... అది వేరే కథలే.

సరే, సినిమాల్లో ముందు క్లబ్బు పాటలిచ్చారు. బాగా పాడింది. తర్వాత ట్రాకులకి పిలవడం మొదలెట్టారు. ట్రాకంటే నీకు తెలిసిందేగా, పేరున్న గాయని ఊళ్లో లేకపోతే ఇంకొకళ్ల చేత పాడించడం, దాంతో షూటింగు కానిచ్చేయడం, ఆవిడొచ్చాక వీళ్ల గొంతు చెరిపేసి ఆవిడది పెట్టడం. అప్పట్లో ఫిల్మ్‌నగరంతా రాళ్లూ గుట్టలే. అమీర్‌పేటలో ఆటోవాణ్ని పిలిస్తే "అంత దూరం నేను రానమ్మా" అనేవాడు. అంత దూరం పడుతూ లేస్తూ వెళ్లి పాడొచ్చేది. తర్వాత సినిమా హాల్లో కూర్చుని, "ఇది నేను పాడిందే, ఇదీ నేను పాడిందే" అని నా చెవిలో చెప్పేది, నవ్వుతూనే. ఒకసారి మాత్రం నవ్వలేదు. "హీరోయిన్ పాట ఒక్కటైనా నా గొంతుతో మిగులుతుందంటావా సుగుణా? రేపు నా మనవలకి ఏం వినిపిస్తాను?" అంది.

అలాంటప్పుడు వచ్చిందే ఆ వాన పాట. పాడాల్సిన పెద్దావిడ, పేరెందుకులే, మద్రాసులో జ్వరంతో ఉన్నారట. సెట్ వేసేశారు, ఆగడానికి లేదు. మ్యూజిక్ మాస్టారు అక్కని పిలిచి ట్రాకు పాడమన్నారు. "ఎలాగూ చెరిపేసేదే కదండీ, ఒక్కసారి నా ఇష్టమొచ్చినట్టు పాడుకుంటాను" అంది అక్క. ఆయన ఏ కళనున్నారో, కానీమన్నారు. పాడిందీ... ఏం చెప్పను! అదిగో, ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తోంది, చూడు. పల్లవి రెండోసారి అసలు మాటలే లేకుండా ఉత్త రాగంతో ఆడుకుని, వాన వెలిసినట్టు నెమ్మదిగా ఆపింది. వాయించేవాళ్లు కూడా వాద్యాలు దించి చప్పట్లు కొట్టారు.

ఆ టేపు పెట్టుకునే షూటింగయింది. ఆ హీరోయిన్ పిల్ల బుద్ధిమంతురాలు. టేపు ఇంటికి తీసుకెళ్లి మరీ నేర్చుకుని, అక్క ఎక్కడ ఆగితే అక్కడ ఆగి, ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడ తీసి, అచ్చం అలాగే పెదవులు కదిపింది. సెట్టు కూడా పీకేశారు.

తర్వాత పెద్దావిడొచ్చారు, జూబ్లీహిల్స్‌లో రికార్డింగ్ థియేటరు. ఎదురుగా తెర మీద హీరోయిన్, ఆ పెదాలకి సరిపోయేట్టు ఈవిడ పాడాలి. ఆవిడ తాళానికి సరిగ్గా పాడుతున్నారు, మరి ఆ పిల్ల పెదాలు కదిలేది ఆలస్యంగా కదా! సౌండ్ ఇంజనీరు యాదగిరి, షేక్‌పేట ఆయన, తల పట్టుకున్నాడు. "గిదేంది సార్, పాట ముందు వోతుంది, పెదాలు ఎన్క వస్తున్నయ్!" అని. నాకు నవ్వాగక చున్నీ... చున్నీ ఎక్కడిది, చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మళ్లీ పాడారు, మళ్లీ కుదర్లేదు. చివరికి అక్కని పిలిచి, "ఎక్కడెక్కడ ఆగావో ఆవిడకి చెప్పమ్మా" అన్నారు మాస్టారు. చెప్పిందే! తన గొంతు చెరిపేయడానికి తనే దారి చూపిస్తోందని తెలిసి కూడా, ఒక్కటి దాచుకోకుండా పక్కన కూర్చుని చెప్పింది. నేనైతేనా, తలనొప్పని చెప్పి ఇంటికొచ్చేద్దును.

పెద్దావిడ మళ్లీ పాడబోయి, సగంలో ఆగి హెడ్‌ఫోన్లు తీసేశారు. "మాస్టారూ, నేర్చుకుని పాడగలను. కానీ ఆ పిల్ల మొహమంతా రోజీ గొంతే ఉంది. దాన్ని చెరిపి నేనేం పెడతాను? ఉంచేయండి" అన్నారు. ఎంత పెద్ద మనసు! ఎవరంటారే ఆ మాట? ఆవిడ ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

బయటికొచ్చి ఏటవాలు రోడ్డు దిగుతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు. "చెరిపేస్తారనే అలా పాడానే సుగుణా! ఉంచుతారని తెలిస్తే భయపడి తిన్నగా పాడేసేదాన్ని" అంది.

ఆ తర్వాత పిలిచి మరీ పాడించారు. మీ తాత శాక్సఫోన్‌తో తెలుగు జాజ్ క్యాసెట్టు కూడా చేసింది, మీ అమ్మ దగ్గరుండాలి, అడుగు. అయినా నీకు వాన పాట చాల్లే. నువ్వు ఊయల్లో ఉన్నప్పుడు మీ అమ్మమ్మ నీకు వినిపించింది అదే.

రేపు వెళ్లి మర్యాదగానే అడుగు. జరపకుండా ఒక్కసారి వినండి సార్ అను. విన్నాక కూడా జరుపుతామంటే వాళ్లిష్టం. నువ్వు మాత్రం ముందే భయపడి తిన్నగా పాడకు.

ఏదీ, ఇవాళ పాడిన లైను పాడు. నేనీ బల్ల మీద తాళం వేస్తాను. ఊఁ, కానియ్... ఎక్కడికి పోయావే... రాలేదు... ఇంకా రాలేదు... ఇదిగో! వచ్చేసింది గుమ్మంలోకి, పిచ్చితల్లి! అచ్చు మా అక్కేనే...

నూరేళ్లు చల్లగా ఉండు తల్లీ. నిన్నెవరూ ముందుకు తొయ్యకుండా ఆ ప్రభువే చూసుకోవాలి. ఏడుపేంటి నాకు, ఏం లేదులే, నువ్వు పాడు... మళ్లీ మొదట్నుంచి...